వాడరేవు నెత్తళ్ల పందిళ్లు

నిరుడు మార్చిలో కళ్లం మీదున్న మిరపకాయలు సగం బూజు పట్టిపోయాయి. అప్పట్నుంచీ మా ఇంట్లో వాన పేరెత్తితే గొడవే. ఈ ఏడూ కాయ కళ్లంలో పడింది, మబ్బులు మళ్లీ తారాడుతున్నాయి. చీరాల దగ్గరి వాడరేవులో ఆడవాళ్లు అకాల వానల్లోనూ చేపలు చెడకుండా ఎండబెడుతున్నారని మా ఊరికి ఎండుచేపలు తెచ్చే ఆమె చెప్పింది. చూసొస్తానంటే మా ఆయన, "చేపల దగ్గర మిరపకాయకేం నేర్చుకుంటావు?" అని నవ్వాడు. అందుకే బయల్దేరాను.

చిలకలూరిపేటలో ఉదయం ఆరుంబావుకి చీరాల బస్సు ఎక్కాను. దారి పొడుగునా కళ్లాలే. పక్క సీట్లో చీరల మూటతో కూర్చున్న ఖాసిం గారు, "కిటికీ మూసుకోండమ్మా, ఘాటుకి తట్టుకోలేరు" అన్నారు. నేను మిర్చి రైతునని చెప్పాక, తట్టుకోలేనిది తనేనని ఒప్పుకున్నారు.

ఎనిమిదిన్నరకి చీరాలలో దిగి, ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో వాడరేవు. మీరెళితే మాత్రం ఆదివారం వద్దు. సముద్ర స్నానాలకొచ్చే జనంతో ఆటోలో కాలు పెట్టే చోటుండదు.

ఒడ్డున నడుమెత్తు వెదురు పందిళ్లు వరసగా ఉన్నాయి. వాటిపై వల బిగించి, నెత్తళ్లు అనే వేలెడంత చేపల్ని పలచగా పరిచారు. అరవై దాటిన కోటమ్మ గారు ఆ వరసకు పెద్ద. "ఇసకలో ఎండేస్తే రెండ్రోజులు పట్టేది, వానొస్తే పారబోసేవాళ్లం. ఇప్పుడు కిందా పైనా గాలే. వేట ఆపే రెండు నెల్లూ మా బువ్వ ఇదేనమ్మాయ్" అంది. తెచ్చిన చేప తెచ్చినట్టు నిలవుంటే మళ్లీ మళ్లీ సముద్రం మీద పడక్కర్లేదని కూడా ఆమే చెప్పింది. ఆ మాటకి నాకు ముచ్చటేసింది.

పదకొండింటికి సముద్రం వైపు నల్లబడింది. ఆడవాళ్లు పందిళ్లకు వెదురు బద్దలు వంచి కట్టి, వాటిపై టార్పాలిన్ పట్టాలు లాగుతున్నారు. నేనూ ఊరుకోలేదు. చివరి పందిరి మీద పట్టా పరిచి, అలవాటు కొద్దీ అంచులన్నీ లోపలికి దోపి, గట్టిగా కట్టేశాను. కళ్లంలో ఇంత బాగా ఎవరూ కట్టలేరని నాకు పేరు.

వాన అరగంట కురిసింది. తగ్గాక కోటమ్మ గారు నా పందిరి చూసి పరుగున వచ్చింది. పట్టా ఎత్తితే గుప్పున ఆవిరి. నెత్తళ్లు మెత్తబడిపోయాయి. మిగతా పందిళ్లలో రెండు పక్కలా గాలి ఆడి, చేప చెక్కుచెదరలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"పచ్చి మీదున్నదాన్ని అట్టా బిగించబాకమ్మా. ఊపిరాడక ఉడికిపోద్ది" అందామె. కోప్పడలేదు. మెత్తబడినవన్నీ గంపకెత్తి, "ఇయ్యాళ అందరికీ పులుసు" అంది.

ఆ పులుసన్నం తింటూ నిరుడు బూజు పట్టిన మా మిరపకాయల సంగతి చెబితే అడిగింది, "మీ కాయలమీద పట్టా ఎన్నాళ్లుంచారు?"

"ముసురు కదండీ, మూడ్రోజులు తియ్యలేదు."

ఆమె నా కంచంలో మరో గరిటె పులుసు వేసింది.

మూడింటి బస్సులో తిరిగొస్తుంటే, మబ్బు మా ఊరి వైపే పోతోంది. వాడరేవు వాళ్లకి చదువు చెప్పిందెవరో గానీ, ఎండబెట్టే పనిలో వాళ్లే మొనగాళ్లు. మా ఆయనకి ఫోన్ చేశాను.

"అప్పుడే కప్పేశా. చీమ దూరకుండా చుట్టూ రాళ్లు పెట్టా" అన్నాడు.

"లోపల బుట్టలు బోర్లించి పట్టా ఎత్తుగా లేపండి. రెండు పక్కలా అంచులు వదిలెయ్యండి. నిరుడు కాయని పాడుచేసింది వాన కాదండీ, మనమే."

అటునుంచి రాళ్లు పక్కకు జరుపుతున్న చప్పుడు వినిపించింది.

"ఎన్ని బుట్టలు?" అన్నాడు.