తడిసిన జాకెట్

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక డిసెంబరు మొదట్లో, బోధన్‌లో స్టేషన్ ఫైర్ ఆఫీసరుగా ఉండగా నాకు మంటలతో సంబంధం లేని పని ఒకటి అప్పగించారు. ఊరికి కొంత దూరంలో ఒక చెరువు ఉంది. అక్కడున్న ఒకే ఒక్క మోటారు పడవలో జనాన్ని తిప్పుతారు. కయాక్‌లు కూడా వచ్చాయి. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి పడవ. నడిపేవాడైనా, సరదాకు తెడ్డు పట్టేవాడైనా ముందు ఒకరోజు భద్రతా శిక్షణ తీసుకోవాలని జిల్లా కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చింది. శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సింది నేను. ఆ కాగితం లేనివాళ్ల పడవ ఒడ్డున కట్టేసి ఉండాల్సిందే.

ఫైర్ సర్వీసు వాళ్లకు నీళ్లేమిటని అడుగుతారు చాలామంది. మంటల కాల్స్ ఎండాకాలంలోనే. మిగతా ఏడాదంతా బావులూ కాలువలూ చెరువులే. నేను లీడింగ్ ఫైర్‌మన్‌గా, అంటే నలుగురైదుగురు ఫైర్‌మన్‌ల పైన పెద్దగా ఉన్న రోజుల నుంచీ ఎంతోమందిని నీళ్లలోంచి పైకి తీశాను. ప్రాణంతో తీసింది తక్కువ. అందుకే ఈ పని నాకు చాకిరీ అనిపించలేదు.

క్లాసుకు ముందు సామాను తనిఖీ చేయాలి. లైఫ్ జాకెట్లు వరసగా పేర్పించి బకిళ్లు లాగి చూశాను, కుట్లు చూశాను, ఈలలు ఊది చూశాను. కయాక్ జాకెట్లు కొత్తవి. మోటారు పడవ జాకెట్లు పాతవే అయినా నిండుగా, ఉబ్బుగా ఉన్నాయి. బాగా కాపాడుకున్నారని మెచ్చుకుని తనిఖీ కాగితం మీద సంతకం చేశాను.

శిక్షణలో మూడు భాగాలు. మొదటిది మాట. పడవ ఎంతమందిని మోస్తుంది, గాలి లేస్తే ఏం చేయాలి, ఫోటో కోసం అందరూ ఒకే పక్కకు ఎందుకు లేవకూడదు. రెండోది కట్టుకోవడం. జాకెట్ తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే అది గడ్డం దాటకూడదు. మూడోది నీళ్లు. ఎవరి పడవలోని జాకెట్ వాళ్లు తొడుక్కుని లోతులో దిగి, కాళ్లూ చేతులూ ఆడించకుండా పది నిమిషాలు తేలాలి.

మూడోదాని దగ్గర సాయన్న మొండికేశాడు. ఆ చెరువులో ఆయనకన్నా పాత పడవ మనిషి లేడు. అరవై దగ్గర పడిన వయసు, మీసం తెల్లబడినా చేప లాంటి ఈత. చిన్నప్పుడు వాళ్ల నాయనతో వలలు వేశాడు, తర్వాత ఆ మోటారు పడవ పట్టాడు.

"నేను గీ నీళ్లల్లనే పెరిగిన సారు. గిప్పుడు పోరగాండ్ల లెక్క కోటేసుకొని తేలుమంటే ఎట్ల? కట్ట మీద ఊరంత సూస్తది" అన్నాడు.

ఇది ఈత పరీక్ష కాదు, నువ్వు ఎక్కించుకునే మనిషికి ఈత రాదు కదా అని చెప్పాను. వినలేదు. నేను సర్టిఫికెట్ ఇవ్వలేదు. మరునాటి నుంచి ఆయన పడవ ఒడ్డున కట్టేశారు.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. బోటింగ్ కాంట్రాక్టరు బతిమిలాడాడు. పైనుంచి ఒకాయన, ఒక్క మనిషే కదా, చూసీ చూడనట్టు పొమ్మన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మాటే రాసి పంపండి సార్, ఫైల్లో పెట్టుకుంటానన్నాను. రాసి పంపలేదు. సాయన్న మాత్రం రోజూ మా స్టేషన్ ముందు నుంచే సైకిల్ మీద పోతూ తల తిప్పుకునేవాడు. కొడుకు పోయాక కోడలినీ మనుమరాలినీ ఆ పడవ మీదే సాకుతున్నాడని నాకు తెలుసు. జాలి వేయకపోవడమేం, బాగానే వేసింది. అయినా మెట్టు దిగలేదు.

దారి చూపింది రూతమ్మ. బోధన్‌లో మెథడిస్టు కుటుంబాల పిల్లలకు ఆదివారం బడి చెప్పే మనిషి. క్రిస్మస్‌కు ముందు చర్చి పిల్లలనూ యువతనూ చెరువుకు తీసుకొస్తానని మాట ఇచ్చింది. చిన్నవాళ్లు ఎక్కాల్సింది సాయన్న పడవే. పెద్దవాళ్లు కయాక్‌లు నడుపుతామంటే ముందు తనే శిక్షణకు పేరు రాయించుకుంది. శనివారం పొద్దున్నే సాయన్నను వెంటబెట్టుకుని వచ్చింది.

"ముందు నేను దుంకుత బాపూ. నా ఎనక నువ్వు రా. ఎవ్వలన్న నవ్వితే నన్ను జూసి నవ్వుతరు" అంది.

చీర మీద కయాక్ జాకెట్ బిగించుకుని అన్నట్టే దూకింది. ఆమెకు ఈత రాదు. పది నిమిషాలు బెండులా తేలి, పళ్లు టకటకలాడిస్తూ ఒడ్డెక్కింది. కట్ట మీద ఎవరూ నవ్వలేదు.

సాయన్న తన పడవలోంచి జాకెట్ తీసి తొడుక్కుని దిగాడు. రెండు నిమిషాలు బాగానే తేలాడు. తర్వాత నీళ్లు గడ్డం దాకా వచ్చాయి, ఆ పైన పెదాల దాకా. నేను చెప్పినట్టే ఆయన కాళ్లూ చేతులూ కదపడం లేదు. నా మీద కోపంతో కావాలని మునుగుతున్నాడనుకుని, నాటకాలు ఆపమని ఒడ్డు మీంచి అరిచాను. ఆ అరుపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ముక్కు మునిగేసరికి మా లీడింగ్ ఫైర్‌మన్ నా మాట కోసం చూడకుండా తాడు విసిరాడు.

సాయన్న ఒడ్డెక్కి జాకెట్ విప్పాడు. అది నేల మీద తడిసిన బొంతలా పడింది. కత్తి అడిగి తీసుకుని కుట్టు కోశాడు. లోపల తేలే ఫోమ్ లేదు. నీళ్లు పీల్చిన దూది ఉంది.

ఆయన మెల్లగా చెప్పుకొచ్చాడు. ఎక్కినవాళ్లు ఎండకు తాళలేక జాకెట్లు విప్పేవారు, చెక్క బల్ల గుచ్చుకుంటోందని వాటినే కింద వేసుకుని కూర్చునేవారు. ఫోమ్ అణిగి పొడిపొడి అయింది. ఈయన తన చేతి డబ్బుతో బోధన్‌లో రజాయిలు కుట్టే మనిషి దగ్గరికి తీసుకెళ్లి అన్నింటిలోనూ కొత్త దూది నింపించాడు. కూర్చునేవాళ్లకు మెత్తగా ఉంటుందని.

"మంచిగ జేస్తున్న అనుకున్న సారు" అన్నాడు. ఆ దూదిని చేత్తో పిండుతూ, "పడవ కట్టెయ్యక ముందు ఆయితారం నా మన్మరాలికి గిదే తొడిగి తిప్పిన" అన్నాడు.

రూతమ్మ ఆయన పక్కన కూర్చుండిపోయింది. నేను మెచ్చుకున్న ఉబ్బు అదే. తనిఖీ కాగితం నా సంచీలోనే ఉంది, నా సంతకంతో.

ఆ రోజే మోటారు పడవ జాకెట్లన్నీ కోయించాను. అన్నింటిలోనూ దూదే. రిపోర్టులో సాయన్న చేసిన పని రాశాను, దాని కిందే నేను బకిళ్లు చూసి సంతకం పెట్టిన సంగతీ రాశాను. నాకు మెమో వచ్చింది, జవాబు ఇచ్చుకున్నాను. వారం తిరిగేసరికి కొత్త జాకెట్లు వచ్చాయి. సాయన్న ఎవరూ చెప్పకుండానే దిగి పది నిమిషాలూ తేలాడు. రూతమ్మ తీసుకొచ్చిన చర్చి పిల్లలు క్రిస్మస్‌కు ముందు రోజు ఆయన పడవే ఎక్కారు. ఆ తర్వాత జరిగిన ప్రతి క్లాసులో మూడో భాగం ఆయనే చెప్పేవాడు, కోసిన పాత జాకెట్ చేతిలో పట్టుకుని.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. పడవ మనిషి నీళ్లలోకి దిగాలని పట్టుబట్టిన నేను, జాకెట్లను నీళ్లలో వేసి చూడాలనుకోలేదు. పరీక్ష ఎదుటివాళ్లకే పెట్టాను, నా తనిఖీకి పెట్టుకోలేదు. మిగిలిన రెండేళ్లలో పొడిగా ఉన్న ఏ జాకెట్ మీదా నేను సంతకం పెట్టలేదు.