రేడియోలో ఉప్పుటేరు

దయ్యాలు, ఆత్మలు అంటే మా ఇంట్లో నవ్వేవాళ్ళం. మాది బాపట్ల దగ్గర. ఆదివారం చర్చి, మిగతా రోజులు లెక్కల మాస్టారైన నాన్న బెత్తం. ఆ పెంపకంలో అలాంటివాటికి చోటు లేదు. ఇప్పటికీ నేను నమ్మను. అందుకే ఈ సంగతి తలుచుకుంటే నాకు భయం కన్నా చిరాకు ఎక్కువ.

1990 ప్రాంతంలో సిడ్నీలో మ్యాపులు గీసే ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఇల్లు ఆ ఊరి శివారు టూంగాబీలో. క్వీన్స్‌లాండ్ తీరానికి చాలా దూరంగా, కోరల్ సముద్రంలో ఒక పగడాల దిబ్బ ఉంది. నడిసముద్రంలో ఎవరో ఉంగరం జారవిడిచినట్టు గుండ్రంగా ఉంటుంది. దాని అంచు మీద అక్కడక్కడా ఇసుక లంకలు. మంచినీళ్ళు లేవు, మనుషులు లేరు. ఉన్నవి పక్షులు, తాబేళ్ళు. వాటి కోసం, సరైన చెట్టు కూడా లేని ఆ చోటుని అభయారణ్యం చేశారు.

మనుషులే లేని చోటికి ఎంతమంది యజమానులో! పక్షులు ఒక శాఖవి, చేపలు ఇంకో శాఖవి, నేల కాన్‌బెర్రాలో కూర్చున్న మూడో శాఖది. లంక మీద కాలు పెట్టాలంటే ఒక పర్మిట్, పడవ ఆపాలంటే ఇంకొకటి. సరిహద్దు పోటు నీళ్ళ అంచు నుంచి కొలవాలా, ఆటు నీళ్ళ అంచు నుంచా అన్నది తేలక నా మ్యాపు మూడుసార్లు వెనక్కి వచ్చింది. చివరికి నన్నే వెళ్ళి కొలుచుకు రమ్మన్నారు.

ముగ్గురం వెళ్ళాం. నేను, పక్షుల్ని లెక్కపెట్టే కెవిన్, పడవ నడిపే రాస్. రాస్ పగలంతా పగడాల దిబ్బకి బయట లంగరు వేసుకుని ఉండేవాడు. సాయంత్రం నాలుగింటికి వచ్చి మమ్మల్ని ఎక్కించుకునేవాడు.

మూడో రోజు పొద్దున కెవిన్ చిన్న రబ్బరు పడవలో ఈశాన్యపు చివరి ఇసుకదిబ్బకి వెళ్ళాడు. నేను పెద్ద లంక మీద ఉండిపోయాను. మధ్యాహ్నం పన్నెండింటికి రేడియోలో తీరంలోని ఆఫీసుకి కబురు చెప్పాలి. బ్యాటరీ పొద్దున్నే చచ్చింది. మీట నొక్కి నొక్కి, దాన్ని కొన్న శాఖనీ పంపిన శాఖనీ తిట్టుకుని మూత పెట్టేశాను. చిన్న దీపం కూడా వెలగలేదు.

రెండింటికే రాస్ పడవ వచ్చింది. అందులో కెవిన్ వణుకుతూ పడుకుని ఉన్నాడు. చీలమండ విరిగింది. రబ్బరు పడవ కొట్టుకుపోయింది. రాస్ వెళ్ళేసరికి పోటు నీళ్ళు అతని ఛాతీ దాకా వచ్చాయట. నాలుగింటి దాకా ఆగి ఉంటే దక్కేవాడు కాదు.

"నువ్వు చెప్పబట్టి బతికాడు, మేట్," అన్నాడు రాస్.

నేనేమీ చెప్పలేదన్నాను. రేడియో చూపించాను. అతనూ నొక్కి చూశాడు. చప్పుడు లేదు. కానీ లంక నుంచి కబురొచ్చిందని, కెవిన్‌ని వెంటనే తీసుకురమ్మని తీరం ఆఫీసు తన పడవ రేడియోలో చెప్పిందన్నాడు.

తీరం చేరాక ఆ ఆఫీసులో, వచ్చిన కబుర్లు రాసుకునే లాగ్‌బుక్ అడిగి చూశాను. మా లంక కబురు పక్కన టైము మధ్యాహ్నం పన్నెండని ఉంది. ఆ రోజు డ్యూటీలో ఉన్నది తలపండిన మనిషి. మాట్లాడింది మగగొంతు అనీ, తొందర లేకుండా చెప్పిందనీ అన్నాడు. 'ఈశాన్యపు చివరి దిబ్బ' అని చెప్పి, దాని పేరు ఒక్కొక్క అక్షరం రాయించిందట. పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో 'ఉప్పుటేరు' అని ఉంది.

ఆ దిబ్బకి పేరు లేదు. పెట్టాలంటే కమిటీ కూర్చోవాలి. అంతకు ముందురోజు, గుర్తు కోసం, నా నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో తెలుగులో నేనే ఆ పేరు రాసుకున్నాను. ఎవరికీ చూపించలేదు, చెప్పలేదు. నోట్‌బుక్ నా చొక్కా జేబులోంచి కదల్లేదు.

తర్వాత విచారణ. అనుమతి లేని మనిషెవడో అభయారణ్యంలో రేడియో వాడాడని మూడు శాఖలూ మూడు స్టేట్‌మెంట్లు అడిగాయి. రేడియో పనిచేయలేదు, కబురు వెళ్ళింది, ఈ రెండిట్లో ఏదో ఒకటే టిక్ చెయ్యమన్నాడొక ఆఫీసరు. రెండూ నిజమే కాబట్టి రెండూ టిక్ చేశాను. ఫారం వెనక్కి వచ్చింది.

ఇంట్లో మా ఆవిడ సుగుణకి చెప్పాను. తను హాస్పిటల్‌లో నర్సు, మనిషి నిదానం. అంతా విని, "ఆ టైములో prayer ఏమైనా చేసుకుంటున్నారాండీ?" అంది.

"లేదు. గవర్నమెంటుని తిడుతున్నా."

"సర్లెండి, మనిషి బతికాడుగా. ఇంక ఆ file మూసెయ్యండి."

ఆమె మూసేసింది. నావల్ల కాలేదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా 'ఉప్పుటేరు' అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతాను.

కెవిన్ ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు. ఆ రోజు రేడియోలో కబురు చెప్పినందుకు థాంక్స్ అని రాస్తాడు. మొదట్లో అది నేను కాదని జవాబు రాసేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. నేను కాదంటే, మరి ఎవరని రాయను?