కుప్పల మధ్య సందు

ఇటుకల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కుప్పలక్క అంటారు. మట్టి, ఇసుక, ఊక, బొగ్గుపొడి ఏది ఎక్కడ దింపాలో, ఏది ముందు వాడాలో చూసేది ఆమే. కుప్పకూ కుప్పకూ మధ్య తోపుడుబండి పట్టేంత సందు ఉండాలంటుంది. కొత్త మట్టి వస్తే విడిగా దింపించి, పిడికెడు తీసి ముద్ద చేసి, బట్టీలో కాల్పించి నీళ్లలో పడేస్తుంది. ముద్ద మీద తెల్లటి చుక్కలు లేచి పెచ్చులూడితే, మట్టిలో సున్నపురాళ్లున్నట్టు. ఆ మట్టితో చేసిన ఇటుక చూడ్డానికి బాగానే ఉంటుంది, గోడలోకి వెళ్లాక చిట్లుతుంది.

"మట్టిని కూడా ఇంత అనుమానిస్తే ఎలా అక్కా?" అంటాడు లారీ డ్రైవరు.

"నిన్నే నమ్మను, నువ్వు తెచ్చిన మట్టిని నమ్ముతానా?"

ఒక సాయంత్రం మబ్బు కమ్మింది. ఆమె ఊక మీద పట్టా కప్పే హడావిడిలో ఉండగా లారీ వచ్చింది. ఎక్కడ దింపాలని డ్రైవరు అరిచాడు. పట్టా కొస పళ్లతో పట్టుకుని, వెనక్కి తిరక్కుండానే అటు అని చెయ్యి చూపించింది. అతను మాగిన పాత మట్టికి ఆనించి దింపేసి, వాన పడేలోపే వెళ్లిపోయాడు.

తెల్లవారి చూస్తే సందు లేదు. రెండు కుప్పలూ వానకు జారి కలిసిపోయాయి. కొత్త మట్టి ముద్దను కాల్పించింది. తెల్లటి చుక్కలు లేచాయి.

మట్టి తవ్వే గుంటలు నీళ్లతో నిండిపోయాయి. వానలు తగ్గేదాకా ఇంకో లోడు రాదు. ఇటుకలు కోసే గుంపుకు ఉన్నదల్లా ఆ పాత కుప్పే. ఆ గుంపుకు పెద్ద కుప్పలక్క కోడలే. మట్టి లేకపోతే అందరూ వేరే బట్టీకి పోతారు, వాళ్లతో పాటు కొడుకూ కోడలూ కూడా.

"అత్తా, మట్టి ఇస్తావా, మూటలు కట్టుకోమంటావా?"

"కుప్ప నడిమి మట్టి తీసుకోండి. ఈ పక్కది ముట్టుకోవద్దు."

"నడిమిది ఏ మూలకొస్తుంది? కలిపేద్దాం. పైకి కనబడదు కదా."

"కనబడకపోవడమే దాని రోగం."

"సందు పూడ్చింది మేమా?"

"నేనే. చెయ్యి చూపించాను గానీ కన్ను పెట్టలేదు. కలిసిన మట్టిని ఆరబెట్టి, దంచి, సన్న జల్లెడ పడతాను. నడిమిది అయిపోయేలోపు అందిస్తాను."

"అంత కుప్పా? ఒక్కదానివేనా?"

"తప్పు ఒక్కదానిదేగా."

కోడలు గుంపు దగ్గరికి వెళ్లిపోయింది. కుప్పలక్క తాడు లాగి హద్దు వేసింది. మంచి మట్టిలోకి కూడా ఒక బండి వెడల్పు జరిపే వేసింది. హద్దుకు ఇవతలి మట్టిని బట్టీ పక్క రేకుల కింద వెచ్చటి నేల మీద పరిచి, ఆరినంత మేర దంచడం మొదలుపెట్టింది. కాసేపటికి కోడలు కొంగు బిగించి, ఇంకో జల్లెడతో వచ్చింది.

"గుంపును ఎవరు చూస్తున్నారు?"

"నీ కొడుకు. నోరు ఎటూ ఊరుకోదు, కాస్త పనికొస్తుందని అప్పగించా. నీ నడుము పట్టేస్తే కాపడం పెట్టాల్సింది నేనే. జరుగు."

జల్లెడ పట్టిన మట్టితో మళ్లీ ముద్ద చేసి కాల్చి నీళ్లలో వేశారు. చుక్కలు లేవలేదు. అప్పుడు గానీ ఆమె ఆ మట్టిని గుంపుకు ఇవ్వలేదు. ఆ తర్వాత కూడా రోజూ ఒక ముద్ద కాల్పించింది. నడిమి మట్టి అడుగంటిన రోజున జల్లెడ మట్టి అచ్చుల్లోకి వెళ్లింది. ఎవరూ మూట కట్టలేదు.

అసలు కలవకుండా మిగిలిన కొత్త మట్టి మాత్రం అలాగే ఉండిపోయింది. తర్వాత దానితో ఇటుకలు చేయించినా, వాటిని అమ్మకానికి పంపనివ్వలేదు. వాటితోనే కుప్పల మధ్య సందుకు అటూ ఇటూ మోకాలెత్తు గోడలు కట్టించింది. వాటి పెచ్చులు ఇప్పటికీ ఊడుతుంటాయి. ఊడినచోట ఇంకో ఇటుక పెట్టిస్తుంది.

లారీ వస్తే డ్రైవరు ఇప్పటికీ ఎక్కడ దింపాలనే అడుగుతాడు. ఆమె చేతిలో పని కింద పెట్టి, బండికి ముందు నడుస్తుంది.