కొసరు పిక్క

చదువు ముగిసి, ఉద్యోగం ఇంకా పాతబడని ఆ రోజుల్లో నాకు నిజంగా వచ్చిన విద్య ఒక్కటే, బేరం. హిందీ మాట్లాడే ఊళ్లో, జుగ్సలాయి బజారులో మా నాన్న కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినదాన్ని. డాక్టరు మూడు పూటలా మాత్రలు వేసుకోమంటే రెండు పూటలకి కుదరదా అని అడిగే రకం. (ఇంజినీరింగు కూడా చదివాను. అది బేరం మీద కొసరు.)

ఉద్యోగం బిష్టుపూర్‌లో, ఒక మేడ మీది ఇరుకు గదిలో. అక్కడ మా సారు ఒక రోబో చేతిని తయారుచేస్తున్నాడు. కడుపుకి చిన్న చిన్న కంతలు పెట్టి ఆపరేషన్ చేసేటప్పుడు డాక్టరు చెయ్యి లోపలికి పోదు కదా. కెమెరాలో అన్నీ కనబడతాయి గాని, ఎక్కడ మెత్తగా ఉందో ఎక్కడ గట్టిగా ఉందో తెలియదు. ఆ లోటు తీర్చడానికి మా రోబోకి సన్నటి వేలు ఒకటి పెట్టాం. అది కాలేయాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి సుతారంగా తాకుతూ పోయి తెర మీద పటం గీస్తుంది. మెత్తటి చోటు నీలం, గట్టి చోటు ఎరుపు. లోపల గడ్డ దాక్కుని ఉంటే అక్కడ ఎర్రమచ్చ పడుతుంది. ఇదంతా మా నాన్నకి చెబితే తాపీగా విని, "ఇందులో ఏటుందే? చింతపండు ముద్ద నొక్కి లోపల పిక్కలున్నాయో లేవో నాను సెప్పట్లేదా? దానికి కరెంటెందుకు?" అన్నాడు. ఆ తర్వాత అసలు మాట బయటపెట్టాడు. "ఈ డాక్టరు కూడా ఒగ్గేత్తే ఇంక తిన్నగా వచ్చి గల్లా కాడ కూకో."

మిగతావాళ్లంతా కాదన్నాక మాకు మిగిలిన ఆ డాక్టరు ఊళ్లో పేరున్న సర్జన్, ఒడిశా సరిహద్దు వైపు తెలుగువాడు. ఆయన సరేనంటే ఆసుపత్రిలో మేక కాలేయాల మీద పరీక్షలు. కాదంటే ఆ వారమే గదికి తాళం వేసేస్తానని సారు తేల్చేశాడు. నాకేమో ఉప్పు బస్తాల మధ్య కూర్చుని ముసలిదాన్నయిపోవడం కళ్లకి కడుతోంది. ఎలాగైనా ఈ బేరం కుదర్చాల్సిందే అనుకున్నాను.

డాక్టరు ఒక షరతు పెట్టాడు. పరీక్షకి తెచ్చే నకిలీ కాలేయంలో గడ్డలు ఎక్కడున్నాయో మాకు కూడా తెలియకూడదు, ఎన్నో మాత్రం చెప్పాలి. అంటే బయటి మనిషి చేత చేయించాలి. నాకు తెలిసిన బయటి మనిషి మా అమ్మ. జెలటిన్‌ని బీట్‌రూట్ రసంలో మరిగించి సారిచ్చిన అచ్చులో పోయడం, గడ్డల బదులు చింతపిక్కలు దాచడం ఆమె పని. "అమ్మా, మూడు పిక్కలు. ఎక్కడ దాచావో నాకు కూడా చెప్పకు" అన్నాను. "నాకు నేర్పుతావేటే? నువ్వు పుట్టకముందు నుంచీ సరుకు తూత్తన్నాను" అంది. ఆ రాత్రి కాలేయం మా కొట్టు ఫ్రిజ్‌లో గట్టిపడింది. పొద్దున్నే మా నాన్న కేక. "కూల్‌డ్రింకుల మద్దిన ఈ కార్జం ఏటే? గిరాకీలు పారిపోరా!" (ఆటోలో పక్కావిడ నా ఒళ్లో గిన్నె చూసి "కేక్ హై క్యా?" అంది. "హాఁ" అన్నాను. "కౌన్సీ దుకాన్ కా?" అంది. మా కొట్టు పేరే చెప్పాను.)

డాక్టరు మా మేడగదికి వచ్చి తెర ముందు కూర్చున్నాక వేలు కదిలింది. ఒక ఎర్రమచ్చ పడింది. కాసేపటికి రెండోది. మూడోది పడగానే సారు ఊపిరి వదిలాడు. వేలు మాత్రం ఆగకుండా అంచు దాకా వెళ్లి అక్కడ నింపాదిగా నాలుగో మచ్చ పెట్టింది.

"మూడే అన్నారు కదా?" అన్నాడు డాక్టరు.

సారు కళ్లద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"చూడండి, లేని గడ్డని చూపించింది. నా టేబుల్ మీదైతే అది మనిషికి ఉత్తపుణ్యానికి పడే కోత. నా వల్ల కాదు" అని డాక్టరు సంచీ తీసుకుని లేచాడు.

ఆయన గుమ్మం చేరేలోపు నేను వెళ్లి అడ్డంగా నిలబడ్డాను. "సార్, సరుకు విప్పి చూడకుండా పుచ్చని ఎలా అంటారు? కోసి చూడండి. నాలుగోది లేకపోతే ఈ మిషన్ని నేనే మూట కడతాను."

"హటో బేటీ, ఓపీకి టైమైపోయింది."

"మనం వాదించుకున్నంత సేపు పట్టదు సార్ కొయ్యడానికి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, విసుక్కుంటూనే వెనక్కి వచ్చాడు. మూడు మచ్చల దగ్గరా కోస్తే మూడు పిక్కలూ బయటపడ్డాయి. నాలుగో చోట కత్తి దిగింది. ఏమీ లేదు. నా కళ్ల ముందు ఉప్పు బస్తాలు. "ఇంకొంచెం లోపలికి సార్" అన్నాను, చేపల దగ్గర బేరమాడే గొంతుతో. ఇంకొంచెం దిగేసరికి కత్తి మొనకి టక్కుమని తగిలింది.

నాలుగో పిక్క. నేను ఫోను స్పీకర్లో పెట్టి, "అమ్మా, ఎన్ని పిక్కలేశావ్?" అని అడిగాను.

"మూడేనే."

"నాలుగున్నాయి!"

"అదా? అది కొసరు. మూడంటే మూడే లెక్కెట్టి ఇత్తే ఆ పెద్ద డాక్టరుబాబు మనల్ని ఏటనుకుంటాడే? మన కొట్లో కొసరెయ్యకుండా ఎవులికైనా సరుకిచ్చామేటి?"

డాక్టరు ముందు నవ్వాపుకోవాలని చూశాడు, తర్వాత ఆ ప్రయత్నం మానుకున్నాడు. కాసేపటికి తేరుకుని ఆ పిక్కని అరచేతిలో దొర్లిస్తూ, "రోగం కూడా మీ అమ్మగారి లాంటిదేనమ్మా. చెప్పిన లెక్కకి కట్టుబడదు. నాకు కావలసింది ఆ కొసరుని పట్టుకునే వేలే" అన్నాడు. మేక కాలేయాలకి ఆసుపత్రిలో ఒక రోజు ఇస్తానన్నాడు.

"ఇంకో పూట కొసరెయ్యండి సార్" అన్నాను. వేశాడు.

ఆ వేలు ఇంకా మనుషుల దాకా రాలేదు, పరీక్షలు సాగుతున్నాయి. కొత్తగా చేరే పిల్లలకి సారు ఇప్పటికీ ఈ కథ చెబుతాడు, యంత్రం మీద ఆ అమ్మాయికున్న నమ్మకం చూడండర్రా అని. నేను పక్కన నిలబడి గంభీరంగా తలూపుతాను. నమ్మకమా, నా మొహమా! ఆ వేలు నాలుగో మచ్చ పెట్టినప్పుడు దాన్ని అందరికంటే ముందు తిట్టుకున్నది నేనే. కాకపోతే గిరాకీ గుమ్మం దాటుతుంటే చేతులు కట్టుకుని చూడటం మా ఇంట్లో ఎవరూ నాకు నేర్పలేదు.