నాన్న నోటి వాసన

మా నాన్న జీవితంలో ఒక్క చుక్క తాగలేదు. తాగాడని చెప్పింది నేను.

అప్పటికి నాకు పదిహేడేళ్లు. హిందీ మాట్లాడే ఊళ్లో, సీతారాండేరా అనే పేటలో రెండు గదుల ఇంట్లో అమ్మ, నాన్న, నేను ఉండేవాళ్లం. నాన్న ఏటి అవతల గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకునేవాడు. అక్కడ బొగ్గును పూర్తిగా మండనీయకుండా కాల్చి, దాన్నుంచి వచ్చే గ్యాస్‌ని గొట్టంలో బాయిలర్ కిందికి పంపేవారు. పొద్దున్నే సైకిల్ మీద ఖర్కాయి వంతెన దాటి వెళ్లేవాడు, మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగేవాడు. మా తెలుగు చర్చిలో సంఘపెద్ద కూడా. ఆదివారం బైబిలు పాఠం ఆయనే చదివేవాడు. గొంతు చిన్నది, కానీ ఒక్క అక్షరం తప్పు పోయేది కాదు.

ఆ ఏడాది చలి ఎక్కువని బాయిలర్ గది తలుపులూ కిటికీలూ బిగించేశారు. అప్పటినుంచి నాన్న సైకిల్ తొక్కకుండా నడిపించుకుంటూ ఇంటికి రావడం మొదలైంది. మొహం ఎర్రగా ఉండేది, కాళ్లు తడబడేవి. రాగానే కుళాయి దగ్గర కూర్చుని వాంతి చేసుకునేవాడు. తల పగిలిపోతోందని గుడ్డ బిగించి కట్టుకునేవాడు. కంచం ముందు కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకుని, తర్వాత ఏం చెయ్యాలో మరిచిపోయినవాడిలా చూసేవాడు.

అమ్మ మొదట్లో జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. రెండు వారాలకి మానేసింది. మా తాత, అంటే అమ్మ వాళ్ల నాన్న, సారా తాగి తాగి పోయినవాడు. చిన్నప్పుడు ఆయన్ని సారా కొట్టు నుంచి ఇంటికి నడిపించుకొచ్చింది అమ్మే.

"ఆ నడక నాకు తెలవదేటి," అంది నాతో ఒకరోజు.

"సండే కో తో ఠీక్ రెహ్తే హై," అన్నాను. ఇంట్లో తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం నాకు అలవాటు. ఆదివారాలు బాగానే ఉంటాడు కదా అన్నది నా సందేహం.

"ఆదివారం సర్చి ఉంటాది. అందుకే ముట్టడు."

ఆ మాట నాకు సరిగ్గానే తోచింది.

ఒకరోజు కాలేజీ నుంచి ఇద్దరు స్నేహితురాళ్లతో సాక్చి బజారు మీదుగా వస్తున్నాను. రోడ్డు పక్కన జనం గుమిగూడి నవ్వుతున్నారు. మధ్యలో నాన్న. సైకిల్ ఆయన మీద పడి ఉంది, లేవబోతున్నాడు, కాళ్లు నిలవడం లేదు. "దిన్ మే హీ చఢా లీ," అన్నాడు ఎవరో, పగలే పట్టించాడని. ఒక స్నేహితురాలు నా మొహం చూసి, "మీ నాన్నే కదా?" అంది. కాదన్నాను. వేరే సందులోకి తిరిగిపోయాను. వెనక్కి చూడలేదు.

నేను ఇల్లు చేరిన చాలాసేపటికి ఆయన వచ్చాడు. మోచేతి నుంచి రక్తం కారుతోంది. అమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఎక్కడ తాగినావు?"

"నాను తాగనేదు. బాయిలర్ కాడ గొట్టం లీకవతంది. మూడుసార్లు సెప్పినాను. సూత్తామంటన్నారు."

"గొట్టం లీకయితే నువ్వు తూల్తావేటి? ఏదీ, కూతురి ముందు నోరు తెరువు." అమ్మ నన్ను భుజం పట్టుకుని ముందుకు తోసింది. "నువ్వు సూడే. నాను సూత్తే నమ్మనంటాడు."

నాన్న నా ముందు వంగి నోరు తెరిచాడు. అంత పెద్దమనిషి, పిల్లాడిలా. వాంతి పులుపు, బొగ్గు దుమ్ము. ఇంకేమీ లేదు. నా చెవుల్లో బజారులో విన్న నవ్వు ఇంకా వినబడుతోంది.

"ఆ రహీ హై," అన్నాను. వాసన వస్తోందని.

నాన్న నోరు మూసుకుని నావైపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. ఆలోచిస్తున్నట్టు నుదురు రుద్దుకున్నాడు. "పిల్ల సెప్పిందంటే వచ్చే ఉంటాది," అని లోపలికి వెళ్లి పడుకున్నాడు.

అమ్మ మర్నాడే పాస్టరు గారి దగ్గరికి వెళ్లింది. ఆదివారం నాన్నని సంఘం ముందు నిలబెట్టారు. "మీ నోటితో మీరే ఒప్పుకోండి," అన్నారు పాస్టరు గారు. నాన్న చేతులు కట్టుకుని, "తప్పయిపోనాది," అన్నాడు. ఏ తప్పో చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. ఆ రోజు పాఠం వేరే ఆయన చదివాడు.

చర్చి మాట ఫ్యాక్టరీ దాకా వెళ్లడానికి వారం పట్టలేదు. తాగుబోతుని బాయిలర్ దగ్గర ఉంచకూడదని మేనేజరు ఆయన్ని ఆవరణ ఊడ్చే పనికి మార్చాడు. వెళ్తూ వెళ్తూ నాన్న గొట్టం సంగతి మళ్లీ చెప్పాడట. మేనేజరు నవ్వాడట.

బయట గాలిలో చీపురు పట్టాక నాన్న తలనొప్పి పోయింది. వాంతులు ఆగాయి. సైకిల్ తొక్కుకుంటూ రాసాగాడు. అమ్మ చర్చిలో లేచి నిలబడి, తన భర్త చేత తాగుడు మాన్పించినందుకు దేవుడికి వందనాలు చెప్పింది. చాలామంది ఏడ్చారు. నేను పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతూ కూర్చున్నాను.

నాన్న స్థానంలో బాయిలర్ దగ్గరికి ఒక ఒడియా ఆయన్ని వేశారు. నాన్నతో కలిసి టిఫిన్ తినేవాడు. క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చి, అమ్మ చేసిన అరిసెలు భార్యకి కూడా కట్టించుకు వెళ్లాడు. నెల తిరగకుండానే, ఒక పొద్దున టీ తెచ్చినవాడు తలుపు తోసి చూస్తే, ఆయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లో టిఫిన్ డబ్బా తెరిచే ఉంది. పిలిస్తే పలకలేదు. బయటికి మోసింది నాన్నే. "మొకం గులాబీ రంగులో ఉన్నాది, బతికే ఉన్నాడనుకున్నాను," అని ఎన్నోసార్లు చెప్పాడు.

గవర్నమెంటు ఆఫీసరు విచారణకి వచ్చాడు. నాన్నని పిలిపించారు. తలనొప్పి పోయినా మరుపు పోలేదు; అప్పటికే ఆయన దారులు మరిచిపోతున్నాడు, అందుకని నేను వెంట వెళ్లాను. గొట్టం అతుకు పూర్తిగా తుప్పు పట్టిపోయిందనీ, చిమ్నీ సగం దాకా మసి పేరుకుందనీ ఆఫీసరు ముందే చూసి వచ్చాడు. పక్కన డాక్టరు ఉన్నాడు. ఆ గ్యాస్‌లో ఉండే విషానికి రంగూ వాసనా ఉండవనీ, కొంచెం కొంచెంగా పీల్చేవాడు తాగినవాడిలాగే తూలతాడనీ ఆయన చెప్పాడు.

ఆఫీసరు నాన్న వైపు తిరిగి, "నీకూ ఇలాగే అయ్యేదా? ఎప్పుడైనా చెప్పావా?" అని హిందీలో అడిగాడు.

"మూడుసార్లు చెప్పాను సాహబ్."

మేనేజరు కుర్చీలోంచే అన్నాడు, "వీడు తాగుబోతు సాహబ్. వీళ్ల చర్చిలోనే ఒప్పుకున్నాడు. వీడి మాటకేం విలువ?"

ఆఫీసరు నన్ను చూశాడు. "నువ్వు కూతురివి కదా. మీ నాన్న తాగుతాడా?"

"నహీ," అన్నాను.

"మరి చర్చిలో ఎందుకు ఒప్పుకున్నాడు?"

దానికి జవాబు నా ఒక్కదానికే తెలుసు. చెప్పాలంటే నా అబద్ధం కూడా చెప్పాలి. వరండాలో చనిపోయినాయన భార్య చంటిపిల్లతో నేలమీద కూర్చుని లోపలికి చూస్తోంది. నేను తల వంచుకున్నాను.

"పీతా థా సాహబ్," అన్నాడు నాన్న. తాగేవాణ్ణి.

ఆఫీసరు కాగితం మీద ఏదో కొట్టేశాడు. గొట్టం గురించి ముందుగా ఎవరూ చెప్పలేదనీ, తలుపు మూసుకుని కూర్చోవడం చనిపోయినవాడి నిర్లక్ష్యమేననీ తేల్చారు. అది చదివి వినిపించాక చనిపోయినాయన భార్య లేచింది. పిల్లని ఎత్తుకుని గేటు దాకా నడిచి, ఎటు వెళ్లాలో తెలియనట్టు అక్కడే నిలబడింది.

దారిలో నాన్నని అడిగాను, ఎందుకలా చెప్పావని.

"నాకా రోజులు సరిగ్గా గురుతు నేవమ్మా. నువ్వు సూసినావు కదా," అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. వంతెన మీద లారీలు వెళ్తున్నాయి. సైకిల్ హ్యాండిల్ నా చేతిలో ఉంది. చెప్పలేదు.

తర్వాత ఆయన మరుపు పెరిగింది, చదవలేకపోయేవాడు. కానీ చర్చిలో సాక్ష్యం చెప్పమంటే మాత్రం లేచి, తను ఒకప్పుడు తాగుబోతుననీ, దేవుడు విడిపించాడనీ చెప్పేవాడు. నాకు పెళ్లయ్యాక ఒకసారి ధైర్యం చేసి అసలు సంగతి ఆయనకి చెప్పాను. ఓపిగ్గా విని నా చెయ్యి నిమిరాడు. "నాన్న తాగేడంటే సిగ్గుపడకమ్మా," అన్నాడు.

ఆయన పోయిన రోజు, తాగుడు నుంచి రక్షించబడిన మనిషి అని పాస్టరు గారు ప్రార్థన చేశారు. అమ్మ ఆమేన్ అంది. నేనూ అన్నాను.