ఛానల్ వన్‌లో ఊపిరి చప్పుడు

కోవిడ్‌కు రెండేళ్ళ ముందటి ఎండాకాలం. అప్పుడు నేను పోలీసు వైర్‌లెస్ విభాగంలో టెక్నికల్ ఎస్సైని. రెజిమెంటల్ బజార్ వెనక సందులో ఒక పాత రాతి కట్టడం మా వర్క్‌షాపు. చేతి సెట్లు, జీపుల్లో బిగించే సెట్లు, ఎత్తయిన చోట్ల పెట్టే రిపీటర్లు, వీటన్నిటి బాగోగులు చూడటం మా పని. పోలీసు ఉద్యోగమంటే లాఠీ, తుపాకీ అనుకునే చుట్టాలు నా చేతిలో సోల్డరింగ్ ఐరన్ చూసి నిరాశపడేవారు.

రిపీటర్ అంటే ఏమిటో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. చేతి సెట్టుకు బలం తక్కువ. సందులో నిలబడి మాట్లాడితే ఆ మాట నాలుగు వీధులు దాటదు. అందుకని ఎత్తున రిపీటర్ ఉంటుంది. అది ఒక ఫ్రీక్వెన్సీలో మాట విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో ఊరంతటికీ గట్టిగా వినిపిస్తుంది. వినేదాన్ని ఇన్‌పుట్ అంటాం, వినిపించేదాన్ని అవుట్‌పుట్ అంటాం. చిక్కేమిటంటే, ఒకరు సెట్టు మీద మీట నొక్కి పట్టుకున్నంతసేపూ ఆ ఛానల్‌లో ఇంకెవరికీ చోటుండదు. ఆ మీటనే పీటీటీ అంటాం. కొత్త సెట్లయితే చాలాసేపు నొక్కి ఉంచితే వాటంతట అవే ఆగిపోతాయి. మా దగ్గర అప్పటికింకా పాతవి చాలా ఉండేవి.

నా బల్ల మీద ఒక స్కానర్ ఉండేది. అనేక ఫ్రీక్వెన్సీలను వరసగా తిప్పుతూ వినే చేతి రిసీవర్ అది. పోలీసు ఛానళ్ళు బయటివాళ్ళు వినడానికి చట్టం ఒప్పుకోదు. మాకు మాత్రం అది రోజువారీ పనిముట్టు. రిపీటర్ల అవుట్‌పుట్‌లన్నీ అందులో ప్రోగ్రామ్ చేసి పెట్టుకునేదాన్ని. ఏ రిపీటర్ గొంతు బొంగురుపోయినా కూర్చున్నచోటే తెలిసిపోయేది.

ఆ రోజు ఊళ్ళో ఒక పెద్ద నాయకుడి పర్యటన. దారి పొడుగునా బందోబస్తు. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తుండగా కంట్రోల్ రూమ్ నుంచి సరిత ఫోన్ చేసింది. అక్కడ సెట్టు ముందు కూర్చునే కానిస్టేబుల్ ఆమె.

“మేడం, ఛానల్ వన్ జామ్ అయ్యింది. ఎవరో పీటీటీ మీద కూసున్నరు. ఒక్క మెసేజ్ సుత పోతలేదు. అందరు పరేషాన్ అయితున్నరు.”

ఇది మాకు కొత్త కాదు. సెట్టు జేబులో ఇరుక్కుంటుంది, జీపు సీటు కింద నలుగుతుంది. ఆ మనిషికి తెలియకుండానే అతని ముచ్చట్లన్నీ ఊరంతా వింటుంది. కాసేపటికి ఎవరో చెప్తే నాలుక కరుచుకుని సర్దుకుంటాడు. అందరినీ రెండో ఛానల్‌కు మార్చమని సరితకు చెప్పాను. ఆ పని అప్పటికే మొదలైందట. ఫోన్లు చేసి ఒక్కొక్కరినీ మారుస్తున్నారు. ఎవరు మారారో ఎవరు మారలేదో తేలడానికి సాయంత్రమయ్యేలా ఉంది.

“అది కాదు మేడం,” అంది సరిత, గొంతు తగ్గించి. “మీరు జెర వినుండ్రి. ముచ్చట్లు లేవు, బండి సప్పుడు లేదు. నాకైతే మంచిగనిపిస్తలేదు.”

స్కానర్‌ను ఛానల్ వన్ దగ్గర ఆపి, వాల్యూమ్ పెంచి చెవి దగ్గర పెట్టుకున్నాను. మొదట బట్ట రాసుకుంటున్న గరగర. తర్వాత ఊపిరి. పొట్టిగా, వేగంగా, గొంతులో ఏదో అడ్డం పడినట్టు. మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతోంది. నిద్రపోయేవాడి ఊపిరి అలా ఉండదు. డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను.

కంట్రోల్ రూమ్ ఇన్‌స్పెక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆయన నెత్తిన ఆ రోజు కొండంత బరువు ఉంది. కసురుకోలేదు కానీ విసుగు దాచుకోలేదు.

“సెకండ్ ఛానల్‌ల పని నడుస్తుంది కద మేడం. కాన్వాయ్ పోనియ్యుండ్రి. తర్వాత ఆ సెట్టు ఎవనిదో చూద్దాం.”

“అతనెవరో బాగా లేడు సార్. ఇలా ఆగకుండా పంపిస్తూ ఉంటే బ్యాటరీ ఎంతోసేపు నిలవదు. అది అయిపోయాక అతను ఎక్కడున్నాడో మనకు తెలిసే దారి ఉండదు.”

“నా మనుషులను ఇయ్యలేను. మీ జీపు మీరు తీస్కపోండ్రి,” అన్నారు.

మరి ఎక్కడని వెతకాలి? రిపీటర్ ఊరంతటికీ ఒకేలా వినిపిస్తుంది కనుక మనిషి బోయిన్‌పల్లిలో ఉన్నా తార్నాకలో ఉన్నా మాకు తేడా తెలియదు. ఆలోచిస్తుండగా ఆ ఊపిరి వెనక సన్నగా ఒక సైరన్ వినబడింది. నాన్న లాలాగూడ రైల్వే బడిలో టీచరుగా చేసేవారు. మచిలీపట్నం నుంచి వచ్చాక నేను పెరిగిందంతా ఆ కాలనీలోనే. అక్కడి రైల్వే వర్క్‌షాపు సైరన్ వినబడగానే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆ కూత విషయంలో నేను పొరబడను.

డ్రైవర్ యాదగిరి గారు లాలాగూడ వైపు బండి తీశారు. దారిలో స్కానర్‌ను కొత్తగా ప్రోగ్రామ్ చేశాను. అవుట్‌పుట్‌లన్నీ పక్కన పెట్టి ఛానల్ వన్ ఇన్‌పుట్ ఒక్కటే ఎక్కించాను. అవుట్‌పుట్ వింటే రిపీటర్ గొంతు వినబడుతుంది. ఇన్‌పుట్ వింటే, దగ్గరలో ఉంటేనే, ఆ మనిషి సెట్టే నేరుగా వినబడుతుంది. మెట్టుగూడ దాకా ఒట్టి బుస తప్ప ఏమీ లేదు.

“మేడం, సైరన్లు శానా ఉంటయి,” అన్నారు యాదగిరి గారు, నెమ్మదిగా.

“ఇంకొంచెం ముందుకు పోనివ్వండి.”

రైల్వే క్వార్టర్ల వైపు తిరగగానే బుస చీలి, అందులోంచి ఊపిరి పైకి వచ్చింది. తెర మీద సిగ్నల్ గీతలు ఒకటొకటిగా లేచాయి. యాదగిరి గారు నేను చెప్పకుండానే బండి వేగం తగ్గించారు.

దగ్గరికి వచ్చేకొద్దీ మరో ఇబ్బంది. సిగ్నల్ అంత బలంగా ఉంటే గీతలన్నీ నిండిపోయి ఎటు తిరిగినా ఒకేలా కనిపిస్తుంది. యాంటెన్నా ఊడదీశాను. స్కానర్‌ను పొట్టకు ఆనించి పట్టుకుని, బండి దిగి నిలబడ్డచోటే గుండ్రంగా తిరిగాను. ఒళ్ళు అడ్డం వచ్చినప్పుడు సిగ్నల్ సన్నబడుతుంది. ఎటు వీపు పెట్టినప్పుడు బాగా సన్నబడిందో, మనిషి ఆ వైపున ఉన్నట్టు. ఎర్రటి ఎండలో చుడీదార్ వేసుకున్న ఒక ఆడమనిషి నడిరోడ్డు మీద అలా తిరుగుతుంటే సైకిల్ మీద పోతున్న ఒకాయన దిగి మరీ చూశాడు.

దిక్కు తెలిసింది. వాడకుండా వదిలేసిన పాత క్వార్టర్ల వరస. అటు నాలుగడుగులు వేశానో లేదో స్కానర్ మూగబోయింది. అవతల బ్యాటరీ అయిపోయింది.

“ఎవరన్న ఉన్నరా! ఓ భాయ్!” యాదగిరి గారు అరుస్తూ ఒక్కో తలుపు తోస్తున్నారు. ఏ ఇంట్లోనూ అలికిడి లేదు. అప్పుడు ఎదురింటి డాబా మీద వడియాలు ఎత్తుతున్న ఒకావిడ వంగి చూసింది.

“పోలీసాయన కోసమా? ఇందాక ఆ మూలింటి ఎన్కకు పోయిండు. నీడకు కూసున్నడేమో అనుకున్న.”

మూలింటి వెనక, పడిపోయిన గోడ చాటున అతను ఉన్నాడు. పక్కకు ఒరిగి పడివున్నాడు. సెట్టు ఛాతీ కింద, చెయ్యి దాని మీద. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. వడదెబ్బ. ఆ డాబా ఆవిడే బిందెతో నీళ్ళు తెచ్చింది. నా చున్నీ తడిపి ఒళ్ళంతా కప్పాం. యాదగిరి గారు పరుగెత్తి చెరుకురసం బండి నుంచి ఐసు పట్టుకొచ్చి చంకల్లో పెట్టారు. అంబులెన్స్ వచ్చేదాకా అతని తల నా ఒళ్ళో ఉంది. అంతవరకూ స్కానర్‌లో విన్న ఊపిరిని అప్పుడు అరచేతికి తాకుతుండగా విన్నాను.

అతని పేరు నర్సింహ. హోంగార్డు. నలభై దాటిన మనిషి. బతికాడు.

అయితే కథ అక్కడ ముగియలేదు. బందోబస్తు వేళ ఛానల్ అడ్డుకున్నందుకు, చెప్పకుండా తన కాపలా పాయింట్ వదిలినందుకు విచారణ వేశారు. హోంగార్డుది పర్మినెంటు కొలువు కాదు, అలాంటి మాట ఒక్కటి వచ్చినా పోతుంది. సెట్టు నా బల్ల మీదకు వచ్చింది. పీటీటీ ఇరుక్కుపోయిందా, నొక్కాడా తేల్చమన్నారు. విప్పి చూస్తే మీట చక్కగా ఉంది. ఇరుక్కోలేదు. ఆ మాట రాస్తే అతను కావాలనే నొక్కాడన్న అర్థం వస్తుంది. రాయకపోతే అబద్ధం అవుతుంది. అందుకని ముందు అతన్నే పిలిపించాను.

భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

“నర్సింహ గారూ, మీట మీరే నొక్కారా?”

భార్య భయంగా అతని వైపు చూసింది. అతను మాత్రం దాచలేదు.

“నేనే నొక్కిన మేడం. కండ్లు తిరుగుతుంటే నీడకు పోయిన. కాళ్ళు ఒశం కాలే. కంట్రోల్‌కు చెప్దామని నొక్కిన. పాయింట్ నంబర్ యాదికొస్తలేదు. నాలుక మెదల్తలేదు. గీ మీట ఇడిస్తే ఇగ ఎవ్వరికీ తెల్వదనిపించింది. గట్టిగ పట్టుకున్న. గంతే, తర్వాత తెల్వది.”

సెట్టు అతని ఒంటి కింద నలిగి మీట నొక్కుకుపోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ మధ్యాహ్నం ఊరంతా విసుక్కున్న ఆ గరగర, అతను పెట్టిన మొర. అది ప్రతి సెట్టుకూ చేరింది.

నివేదికలో ఉన్నదున్నట్టు రాశాను. మీటలో లోపం లేదనీ, సహాయం కోసం అతను చేసిన కాల్ అదనీ, మాట పెగలక సందేశం పూర్తి కాలేదనీ. ఇన్‌స్పెక్టర్ గారు కింద తన సంతకం కూడా పెట్టి పంపించారు. నర్సింహ మళ్ళీ డ్యూటీలో చేరాడు.

ఇప్పుడు నేను కొత్తగా వచ్చిన ఆపరేటర్లకు పాఠాలు చెబుతున్నాను. ఛానల్ జామ్ అయితే ఏం చెయ్యాలో పుస్తకంలో ఉన్నవన్నీ చెబుతాను. వాటికన్నా ముందు ఒకటి చెబుతాను. ఎవరో ఛానల్ పట్టుకుని వదలడం లేదంటే తిట్టుకునే ముందు వాల్యూమ్ పెంచి వినండి. వదిలితే ఇక ఎవరికీ తెలియదని పట్టుకున్నారేమో.