ప్రభాకరం గారి గొంతు సవరింపులు

గత మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు నోయిడాలోని మా స్టూడియోలో మైకు స్టాండును ప్రభాకరం గారి ఎత్తుకు సరిచేస్తున్నాను. పది గంటలకు ఆయన రికార్డింగు. అప్పుడే సుభద్ర ఆంటీ ఫోను వచ్చింది. "నిద్రలోనే వెళ్ళిపోయారు బాబూ. గుండె అన్నారు డాక్టరు. నువ్వు ఎదురుచూస్తూ కూర్చుంటావని చెబుతున్నా." భర్త పోయిన ఆ గంటలో కూడా ఆవిడకు నా పది గంటల రికార్డింగు గుర్తుంది.

ప్రభాకరం గారిది కోనసీమ. ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి రిటైరయ్యారు. ఆ తరువాత ఆరేళ్ళపాటు, వారానికి మూడు రోజులు, రెండు మెట్రోలు ఎక్కి వచ్చి, చూపులేని తెలుగు విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేశారు. నేను అక్కడ సౌండ్ ఇంజనీరును. మాది జనగామ. "సార్, ఆ లైను మళ్ళొక్కసారి చదువుర్రి" అని మొదటి రోజు నేను అన్న మాట ఆయనకు తెగ నచ్చింది. అప్పటినుంచి తడబడినప్పుడల్లా రికార్డింగు గది అద్దం అవతల నుంచి ఆయనే, "చదువుర్రి అంటావా ఇంజనీరూ?" అని నవ్వేవారు.

ఆయన పని తీరుకు ఒక్క ఉదాహరణ చాలు. పుస్తకంలో "పటం చూడండి" అని వస్తే ఆగిపోయేవారు. "చూపులేని పిల్లాడికి చూడమని ఎలా చెబుతానయ్యా?" అని, ఆ పటాన్ని మాటల్లో రాసుకొచ్చి మరుసటిసారి చదివేవారు. విద్యుత్ వలయాల పటాలను నాచేత మూడేసి సార్లు చెప్పించుకునేవారు. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువులో అర్థంకాని ఒకటి రెండు విషయాలు ఆయనకు చెబుతుంటే నాకు అర్థమయ్యాయి.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. రికార్డింగులో పేజీ తిప్పిన చప్పుడు, ఊపిరి, గొంతు సవరింపు, మధ్యలో దొర్లిన సొంత మాటలు కత్తిరించడం నా ఉద్యోగం. కిందటి చలికాలం మొదట్లో ఆయన సవరింపులు పెరిగాయి. గంటకు నాలుగైదు ఉండేవి ముప్పై దాటాయి. పొద్దుటి పూట గొంతు బొంగురుగా ఉండేది. నేను ఇంకా శ్రద్ధగా కత్తిరించాను. నేను శుభ్రం చేసిన పాఠం ఆయన విని, "బాగానే ఉందిగా నా గొంతు!" అని ధీమాగా ఇంటికి వెళ్ళేవారు. పదో తరగతి సైన్సు పుస్తకం సగంలో ఉండగా ఒక రోజు ఒక్క పేరా కూడా పూర్తిచేయలేకపోయారు. పుస్తకం మూసి, "నా పని అయిపోయిందయ్యా. పరీక్షల నాటికి పిల్లలకు పుస్తకం అందాలి. ఇంకెవరినైనా చూసుకో" అన్నారు.

కత్తిరించిన ముక్కలు నేను పారేయను, ఒక ఫోల్డరులో ఉంచుతాను. ఆ నెల ముక్కలన్నీ వరసగా అతికించి వినిపించాను. తొమ్మిది నిమిషాలు. ఆయన హెడ్‌ఫోన్లు తీసి అడిగారు. "ఇవన్నీ నావేనా?"

"మీవే సార్."

"ఇంత శుభ్రం చేశావేంటయ్యా? నాక్కూడా తెలీకుండా!"

అదే ముక్కల ఫైలు పట్టుకుని ఇద్దరం గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ సన్నటి కెమెరా గొట్టంతో చూసి, స్వరపేటిక దగ్గర పొర వాచిందన్నారు. కడుపులోని ఆమ్లం గొంతు దాకా ఎగదన్నుతోంది. దాన్ని తట్టుకునే పొర కడుపుకు ఉంది, గొంతుకు అంతగా లేదు. సవరించిన ప్రతిసారీ వాచిన చోటే మళ్ళీ ఒరుసుకుంటుంది. "గుండెల్లో మంట ఎప్పుడూ లేదమ్మా" అన్నారు ఈయన. "చాలామందికి ఉండదు అంకుల్. బొంగురు వారాల తరబడి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా రావాలి" అన్నారావిడ.

మందుతోపాటు ఆవిడ చెప్పినవి నేను కాగితం మీద వరసగా రాసిచ్చాను. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం. కారం, వేపుళ్ళు, టీ తగ్గించడం. గొంతు సవరించాలనిపిస్తే ఒక గుక్క నీళ్ళు మింగడం. ఆమ్లం ఎగదన్నకుండా మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు. ఈ చివరిది ఆంటీకి మింగుడుపడలేదు. "తెల్లారేసరికి కాళ్ళ దగ్గరికి జారిపోతున్నా బాబూ! రోగం ఆయనది, జారుడు నాది" అని ఫోనులో నన్ను దులిపేశారు. గేటు బయట చాయ్ అమ్మే భయ్యా ఇంకా బాధపడ్డాడు. "అంకుల్‌జీ, చాయ్ బంద్, పకోడా బంద్, తో బాత్ భీ బంద్?" అని, మాటలు కూడా మానేస్తారా అన్నట్టు అడిగాడు. ఈయన మాటలు మాత్రం మానలేదు. మర్నాటి నుంచి అక్కడే గోరువెచ్చటి నీళ్ళ గ్లాసుతో నిలబడి కబుర్లు చెప్పేవారు.

స్టూడియోలో ఆయన గొంతు సవరించబోతే అద్దం ఇవతల నేను చెయ్యెత్తేవాణ్ణి. ఆయన దొంగలా నవ్వి నీళ్ళు మింగేవారు. మొదట్లో రోజుకు పావుగంట చదివారు, తరువాత అరగంట. రెండు నెలల పైన పట్టింది కానీ గొంతు తిరిగొచ్చింది. జీర్ణవ్యవస్థ పాఠానికి వచ్చినప్పుడు, ఆమ్లం పైకి రాకుండా అన్నవాహిక చివర మూసుకునే కండరాన్ని మాటల్లో వర్ణించి, మైకు ఆపమని సైగచేసి, "నాది నాతోపాటే రిటైరైంది" అన్నారు. పరీక్షలకు ముందే పుస్తకం పిల్లలకు చేరింది. "ఆ చెత్త ఫోల్డరు తీసెయ్యి, నాకు సిగ్గుగా ఉంది" అన్నారు. సరేనన్నాను. తీయలేదు.

ఆయన చివరి రికార్డింగు మొన్న మళ్ళీ విన్నాను. నలభై నిమిషాలు. కత్తిరించడానికి ఒక్క సవరింపు కూడా లేదు. ఉంటే బాగుండుననిపించింది. పటం దగ్గర ఆగిపోయే అలాంటి చదువరి మా స్టూడియోకు మళ్ళీ దొరకరు. ఆయన ఎత్తున ఉన్న మైకు స్టాండును ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

ఆదివారం ఫరీదాబాద్ వెళ్ళాను. మంచం కింద ఇటుకలు అలాగే ఉన్నాయి. ఆయన గొంతు వినాలని ఆంటీ అడిగితే పాఠం పెట్టాను. కాసేపు విని, "చాలా బాగుంది బాబూ. కానీ ఇది పాఠం. ఈయనేరీ?" అన్నారు.

అప్పుడు ఆ ఫోల్డరు తెరిచాను. గొంతు సవరింపు. "ఉండవయ్యా, వస్తున్నా." మళ్ళీ సవరింపు. "నీళ్ళ సీసా పెట్టలేదే సుభద్ర... ఆ, ఉంది ఉంది, పాపం పెట్టింది." ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. తొమ్మిది నిమిషాలూ అయ్యాక కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇవి మాత్రం శుభ్రం చెయ్యకు బాబూ."